చాందా ఎండకు, బొగ్గు దుమ్ముకు తట్టుకునే గేమింగ్ క్యాబినెట్

మొదటిసారి గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునే పిల్లలు నా దగ్గరికి వచ్చి, "అన్నా, క్యాబినెట్‌కు ఎంత పెట్టాలి?" అని అడుగుతారు. క్యాబినెట్ అంటే కంప్యూటర్ భాగాలన్నీ బిగించే డబ్బా. నేను ముందు మీ ఇల్లెక్కడ, కంప్యూటర్ ఏ గదిలో పెడతారు, ఆ గదిలో ఏసీ ఉందా, కూలరా అని అడుగుతాను. మహారాష్ట్రలోని బల్లార్షాలో, చాందాలో (చంద్రపూర్‌లో) ఉండేవాళ్లకు ఈ ప్రశ్నలే ముఖ్యం. మేలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం మామూలే. ఓపెన్‌కాస్ట్ గనులు, బొగ్గు లారీలు, 2,920 మెగావాట్ల థర్మల్ ప్లాంట్ ఉన్న ఊళ్లు మనవి. పొద్దున తుడిచిన కిటికీ సాయంత్రానికి నల్లగా అవుతుంది. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చున్నవాళ్లు మెచ్చుకున్న క్యాబినెట్ ఇక్కడ జూన్ దాకా నిలబడుతుందని నమ్మలేం.

లెక్క సులభమే. గేమ్ బొమ్మలను తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డ్, ఒకే గేమ్ ఆడుతుంటే, గది గాలి కంటే దాదాపు ఎప్పుడూ అన్నే డిగ్రీలు ఎక్కువగా వేడెక్కుతుంది. 25 డిగ్రీల గదిలో 68 చూపించే కార్డ్, 40 డిగ్రీల గదిలో అదే గేమ్ ఆడితే దాదాపు 83కి పోతుంది. చాలా ఎన్విడియా కార్డులు ఆ చుట్టుపక్కలే వేగం తగ్గించుకోవడం మొదలుపెడతాయి. అప్పుడు గేమ్ తడబడుతుంది, కార్డ్ పాడైందేమోనని మీకు టెన్షన్ మొదలవుతుంది. చాలాసార్లు కార్డ్ బాగానే ఉంటుంది, దానికి గాలే అందదు.

కాబట్టి మొదట చూడాల్సింది క్యాబినెట్ ముందు భాగం. అక్కడ జాలీ ఉండాలి. ముందంతా అద్దమో, మూసేసిన ప్లాస్టిక్ పలకో ఉండి, పక్కన సన్నని సందు మాత్రమే ఉంటే ఎంత అందంగా ఉన్నా వద్దు. లోపల మూడు ఫ్యాన్లు తిరుగుతున్నా, ఆ సందులోంచి వచ్చినంత గాలే వాటికి దొరుకుతుంది. షాపులో చూస్తుంటే ముందు పలక ఊడదీయించి, జాలీ వెనక ఫోన్ టార్చ్ వెలిగించండి. వెలుతురు ధారాళంగా బయటికి వస్తే గాలి కూడా వస్తుంది. కొన్నింటికి బయట జాలీలా కనిపించే డిజైన్ ఉంటుంది, వెనకంతా ప్లాస్టిక్కే. ఫొటోలో ఈ తేడా తెలియదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు, ముందు పలక విప్పి చూపించిన వీడియో ఒక్కటైనా చూసి తీరాలి.

జాలీ ఉంటే దుమ్ము కూడా వస్తుంది కదా అంటారు. వస్తుంది. దానికి మందు ఫిల్టర్, ఫ్యాన్ల అమరిక. ముందు వైపు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండో మూడో గాలి లోపలికి లాగాలి, వెనక ఒక్కటి బయటికి తోయాలి. బయటికి పోయేదానికంటే లోపలికి వచ్చేది ఎక్కువైతే, లోపలి గాలి ప్రతి చిన్న సందులోంచి బయటికి తోసుకుంటుంది. దుమ్ము సందుల్లోంచి దూరలేదు, ఫిల్టర్ ఉన్న దారిలోనే రావాలి. వెనక, పైన బయటికి తోసే ఫ్యాన్లే ఎక్కువ పెడితే ఇది తిరగబడి, స్క్రూ రంధ్రాల్లోంచి కూడా బొగ్గు పొడి లోపలికి చేరుతుంది. ఫ్యాన్ ఏ వైపు తిప్పాలో తెలియకపోతే దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. మోటార్‌ను పట్టుకున్న ప్లాస్టిక్ కమ్మీలు ఉన్న వైపుకే గాలి పోతుంది.

ముందు, పైన, కింద మూడు చోట్లా ఫిల్టర్లు ఉన్నాయో లేదో చూడండి. పై ఫిల్టర్ అయస్కాంతంతో అంటుకునేది అయితే తీయడం తేలిక. కింది ఫిల్టర్ వెనక నుంచో పక్క నుంచో సొరుగులా లాగేది కావాలి. తీయాలంటే క్యాబినెట్ పడుకోబెట్టి నాలుగు స్క్రూలు విప్పాల్సిన ఫిల్టర్‌ను ఎవరూ కడగరు, అది నా గట్టి అభిప్రాయం. పైన ఫ్యాన్లు పెట్టకపోతే ఆ జాలీని ఫిల్టర్‌తో కప్పే ఉంచండి.

ఇక కొలతలు. తక్కువ బడ్జెట్‌లో మదర్‌బోర్డ్ (భాగాలన్నీ తగిలించే పెద్ద బోర్డు) ఎక్కువగా మైక్రో ఏటీఎక్స్ సైజులో ఉంటుంది, 244 బై 244 మిల్లీమీటర్లు. పూర్తి ఏటీఎక్స్ 305 బై 244. పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు పడుతుంది, చిన్నదాంట్లో పెద్దది పట్టదు. గ్రాఫిక్స్ కార్డ్ పొడవు మాత్రం తప్పకుండా చూడాలి. రెండు ఫ్యాన్ల కార్డులు చాలావరకు 200 నుంచి 250 మిల్లీమీటర్లు ఉంటాయి, మూడు ఫ్యాన్లవి 300 దాటొచ్చు. క్యాబినెట్ పెట్టె మీద రాసిన కొలత ముందు ఫ్యాన్ లేకుండా తీసిందో ఏమో, అందుకే నేను దాంట్లోంచి ఫ్యాన్ మందం 25 మిల్లీమీటర్లు తీసేసి లెక్క వేస్తాను. తర్వాత ప్రాసెసర్ మీద బిగించే పెద్ద ఎయిర్ కూలర్ కొనాలనుకుంటే ఎత్తు చూడండి. ఉదాహరణకు డీప్‌కూల్ ఏకే400 ఎత్తు 155 మిల్లీమీటర్లు. 160 వరకు చోటున్న క్యాబినెట్ చాలు.

మొత్తం బడ్జెట్ 60 వేలు అనుకుంటే క్యాబినెట్‌కు 3,500 నుంచి 4,500 వరకు పెట్టమంటాను. అంతకంటే చాలా తక్కువకు దొరికేవాటిలో రేకు పలచగా ఉండి, పక్క తలుపు వేసేటప్పుడు వంగుతుంది. పలచటి రేకు ఫ్యాన్ తిరుగుతుంటే జలజలమని చప్పుడు కూడా చేస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌తో (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పవర్ సప్లైతో) కలిపి అమ్మే చవక క్యాబినెట్లు అసలే వద్దు. ఆఫీసు కంప్యూటర్‌కు సరిపోయే ఆ సప్లై మీద గ్రాఫిక్స్ కార్డ్ బరువు వేయకూడదు. ఎస్‌ఎంపీఎస్ విడిగా, మంచి కంపెనీది, కరెంటు తక్కువ వృథా చేస్తుందని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది తీసుకోండి. లైట్ల ఫ్యాన్ల మీద వేయి రూపాయలు మిగిలితే అవి కూడా దానికే పెట్టండి.

ఫ్యాన్ల గురించి ఇంకొక మాట. "నాలుగు ఆర్‌జీబీ ఫ్యాన్లు ఫ్రీ" (రంగు లైట్ల ఫ్యాన్లు) అని ఉంటే వాటి వైరు చివర చూడండి. మదర్‌బోర్డ్‌లోకి పోయే మూడు లేదా నాలుగు పిన్నులదైతే వేగం మన చేతిలో ఉంటుంది. నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించే మోలెక్స్ ఒక్కటే ఉంటే రాత్రంతా ఒకే వేగంతో మోగుతాయి. ఒకే గదిలో పడుకునే ఇంట్లో అది చిన్న విషయం కాదు.

కొనడానికి మనకు దగ్గర నాగపూర్. సికింద్రాబాద్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో కూడా దొరుకుతాయి, మన తెలుగువాళ్లలో చాలామందికి అటువైపు మేనమామో చిన్నాన్నో ఉంటారు కాబట్టి తెప్పించుకోవడం కష్టం కాదు. రైల్లో తెచ్చేటప్పుడు పక్క అద్దం ఊడదీసి విడిగా మోయొద్దు, కంపెనీ థర్మాకోల్‌లోనే ఉంచి పెట్టెతో సహా తేవాలి. ఆన్‌లైన్‌లో వస్తే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. ఇంట్లో అద్దం విప్పినప్పుడు దాన్ని టైల్స్ నేల మీద నిలబెట్టకండి. టెంపర్డ్ గ్లాస్ అంచు సిరామిక్‌కు తగిలితే ఒక్కసారిగా ముక్కలైపోతుంది. దుప్పటి పరిచి దాని మీద పడుకోబెట్టండి.

ఇంటికొచ్చాక ఎక్కడ పెట్టాలో కూడా చెప్తాను, ఎందుకంటే మన దగ్గర ఎండాకాలమంతా గదిలో నీళ్ల కూలర్ నడుస్తుంది. కూలర్ గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టకూడదు. చల్లగా ఉంటుందని అక్కడే పెడతారు, కానీ ఆ తడి గాలిలో బొగ్గు పొడి కలిసి ఫిల్టర్ మీద, హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు ముక్క) రెక్కల మధ్య ముద్దలా పట్టేస్తుంది. అది బ్లోయర్‌తో కూడా ఊడదు. కూలర్‌కు పక్కగా, నేలకు జానెడు ఎత్తున చెక్క బల్ల మీద పెట్టండి. వెనక గోడకు కనీసం ఆరంగుళాలు వదలండి. మార్చి నుంచి వాన పడే దాకా రెండు వారాలకోసారి ఫిల్టర్లు తీసి కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి. లోపల బ్లోయర్ కొట్టేటప్పుడు కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.