సిగ్నల్ ఎల్లో పడితే బండిని ఎంత స్పీడ్‌కి దించాలి?

కొత్తగా ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్)గా చేరినవాళ్లు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఇది. అంకె చెప్పమంటారు. నేను చెప్పను. మన రైల్వేలో రంగు స్పీడ్ చెప్పదు, తర్వాతి సిగ్నల్ దగ్గర ఏం చెయ్యాల్సి రావచ్చో చెబుతుంది. లెక్క మనదే. కాజీపేట–విజయవాడ లైన్లో బొగ్గు రేక్‌లూ (గూడ్స్ బండ్లూ) ఎక్స్‌ప్రెస్‌లూ నడిపి, తర్వాత లోకో ఇన్‌స్పెక్టర్‌గా కొత్తవాళ్ల వెనక నిలబడ్డవాణ్ణి. ఆ లెక్క ఎలా వెయ్యాలో చెబుతాను.

హోం అంటే స్టేషన్లోకి రానిచ్చే సిగ్నల్, డిస్టెంట్ అంటే దాని సంగతి ముందే చెప్పే సిగ్నల్. డబుల్ డిస్టెంట్, అంటే అలాంటివి రెండు ఉన్నచోట డిస్టెంట్ హోంకి 2 కిలోమీటర్ల ముందు, ఇన్నర్ డిస్టెంట్ 1 కిలోమీటరు ముందు ఉంటాయి. డిస్టెంట్ డబుల్ ఎల్లో (రెండు పసుపు దీపాలు) అంటే హోం ఎర్రగా ఉండొచ్చు, లేదా ఎల్లో ఇచ్చి లూప్ (మెయిన్ లైన్ పక్క లైన్)లోకి తీసుకోవచ్చు. ఏదో ఇంకా తెలీదు. ఎర్రే అనుకుని అక్కడే స్పీడ్ దించడం మొదలుపెట్టండి. తేలేది ఇన్నర్ డిస్టెంట్ దగ్గర. అది సింగిల్ ఎల్లో అయితే హోం ఎర్ర. డబుల్ ఎల్లో అయితే హోం ఎల్లో. హోం మీద అయిదు తెల్ల దీపాల వరస వెలిగిందా, లూపే. పాయింట్ల (బండి లైన్ మారే చోటు) మీద స్పీడ్ సాధారణంగా గంటకు 30 కిలోమీటర్లు, కొన్ని స్టేషన్లలో 15. ఇంజిన్ దాటితే చాలదు, ఆఖరి పెట్టె దాటేదాకా అదే స్పీడ్.

ఇన్నర్ డిస్టెంట్ దాకా 110లో వెళ్తే మిగిలిన కిలోమీటరు 33 సెకన్లలో అయిపోతుంది. 130లో అయితే 28. ఆ టైంలో ఆలోచించడానికేం ఉండదు.

గూడ్స్ సంగతి వేరే. 58 వ్యాగన్ల బొగ్గు రేక్ పొడవు ఆరొందల మీటర్ల పైమాటే. బ్రేక్ పైపులో 5 కిలోల ప్రెషర్ ఉంటుంది. మీరు ఏ9 హ్యాండిల్ (బండి మొత్తానికి బ్రేక్ వేసేది) తిప్పితే ప్రెషర్ ముందు నుంచి వెనక్కి తగ్గుకుంటూ పోతుంది. కాలవ నీళ్లు చివరి మడికి ఆలస్యంగా అందినట్టు, ఆఖరి వ్యాగన్‌కి బ్రేక్ ఆలస్యంగా పడుతుంది. అందుకే మొదట అర కిలో తగ్గించి బండి పట్టుకుందో లేదో చూడండి, చాలకపోతే ఇంకాస్త. స్పీడ్ మరీ పడిపోయిందని విడిచి, వెంటనే మళ్లీ వేసే అలవాటు ప్రమాదం. పైపు పూర్తిగా నిండకముందే వేసిన రెండో బ్రేక్‌కి బలం ఉండదు. స్టేషన్ నుంచి బయల్దేరగానే బ్రేక్ ఫీల్ టెస్ట్ చెయ్యమనేది కూడా అందుకే. ఈరోజు ఈ లోడు ఎలా పట్టుకుంటుందో చేతికి తెలియాలి.

ఇంకో జబ్బు ఉంది. "ఈ హోం రోజూ నేను వచ్చేసరికి ఇచ్చేస్తారు సార్" అంటారు. మణుగూరు బొగ్గు బండ్లు కలిసే డోర్నకల్ లాంటి జంక్షన్లో ఆ ధీమా అస్సలు పనికిరాదు. స్టార్టర్ (స్టేషన్ నుంచి బయటికి పంపే సిగ్నల్) అవతల 120 మీటర్ల ఓవర్‌ల్యాప్, అంటే భద్రత కోసం ఖాళీగా ఉంచే దూరం ఉందని కూడా లెక్కలో వేసుకోవద్దు, అది మీరు వాడుకోవడానికి పెట్టింది కాదు. సిగ్నల్ రంగును లోకో పైలట్, ఏఎల్‌పీ ఇద్దరూ గట్టిగా చెప్పుకోండి. సిగ్నల్లో దీపమే వెలగకపోతే? అది చూపించగలిగిన రంగుల్లో అన్నిటికన్నా కఠినమైనదే పడిందనుకోవాలి.

కవచ్ (బండ్లు ఢీకొనకుండా చూసే భద్రతా వ్యవస్థ) ఉన్న సెక్షన్లో ఈ లెక్క యంత్రం కూడా వేస్తుంది. పట్టాల మధ్య ఉన్న ట్యాగ్‌లను చదివి బండి ఎక్కడుందో తెలుసుకుంటుంది, రేడియోలో సిగ్నల్ సమాచారం తీసుకుంటుంది, ఆగాల్సిన చోటు నుంచి వెనక్కి లెక్కగట్టి ఎక్కడ ఎంత స్పీడ్ ఉండాలో స్క్రీన్ మీద చూపిస్తుంది. మించితే మొదట అలారం, వినకపోతే బ్రేక్. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్టిగిద్ద మధ్య ఎదురెదురు బండ్లతో చేసిన ప్రదర్శనలో, అవతలి ఇంజిన్‌కి 380 మీటర్ల ముందే బండి దానంతటదే ఆగింది. గొప్ప సంగతే. అయితే లోడు వివరాలు తప్పుగా ఎక్కిస్తే దాని లెక్కా తప్పుతుంది. అలారం మోగేదాకా ఆగి బ్రేక్ వేసేవాడు నాకు నచ్చడు.

ఆఖరుగా ఆటోమేటిక్ సెక్షన్, అంటే బండ్లు కదిలేకొద్దీ సిగ్నళ్లు వాటంతటవే మారే లైన్. 'ఏ' బోర్డున్న సిగ్నల్ ఎర్రగా ఉంటే పగలు 1 నిమిషం, రాత్రి 2 నిమిషాలు పూర్తిగా ఆగాలి. తర్వాత ముందు బండి ఉందనుకునే, కనిపించినంత దూరంలో ఆపుకోగలిగేలా మెల్లగా కదలాలి. దూరంగా తర్వాతి సిగ్నల్ పచ్చగా కనిపించినా దాన్ని చేరేదాకా స్పీడ్ పెంచకూడదు.