నల్లగొండలో సైకిలుకు పానగల్లు కట్ట

నల్లగొండలో నీటి ఒడ్డున తీరికగా సైకిలు తొక్కాలనుకునేవారికి పానగల్లు ఉదయ సముద్రం చెరువు కట్టను మించిన దారి లేదని నా అభిప్రాయం. ఎలిమినేటి మాధవరెడ్డి సాగునీటి ప్రాజెక్టుకు ఇది సమతుల్య జలాశయం (వచ్చిన నీటిని నిల్వచేసి, అవసరాన్ని బట్టి వదిలే బ్యాలెన్సింగ్ రిజర్వాయరు) కావడం వల్ల కృష్ణా జలాలు ఇక్కడికి చేరుతాయి. క్లాక్‌టవర్ నుంచి కొద్ది కిలోమీటర్లే అయినా, బైపాస్ దగ్గర లారీల రద్దీ ఉంటుంది కనుక దిగి, సైకిలు నడిపించుకుంటూ దాటడం మేలు.

కట్టపై గాలికి అడ్డేమీ ఉండదు కాబట్టి, మొదట ఎదురుగాలిలో తొక్కితే కాళ్లు అలసిన తరువాత తిరుగుప్రయాణంలో అదే గాలి వెనుక నుంచి తోస్తుంది.

కట్టను ముందు చూసి, పొద్దెక్కిన తరువాతే ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాలి. గర్భగుడిలో లింగం వెనుక గోడపై పగలంతా కదలకుండా నిలిచే స్తంభాకారపు నీడే అక్కడి విశేషం; మబ్బు పట్టిన రోజున అది స్పష్టంగా కనిపించదు. మూడు గర్భగుళ్లు గల ఆ ఆలయం చుట్టూ పొలాలున్నాయి, వాన కురిసిన మరునాడు సన్నని టైర్ల సైకిలుతో అటు పోకపోవడమే మంచిది. ఓపిక మిగిలితే, శిల్పాలకు పేరుపడ్డ పచ్చల సోమేశ్వరాలయం కూడా పానగల్లులోనే ఉంది.