లేహ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఎన్ని గంటలు? లెక్క ఇలా వేసుకోండి

శ్రీకాకుళంలో టికెట్లు బుక్ చేసే నాలాంటివాడికి ఈ ఫోన్‌కాల్ కొత్తేం కాదు. మా వైపు తమ్ముడు సైన్యంలో చేరి లద్దాఖ్‌లోని లేహ్‌లో ఉంటాడు, అక్కని అండమాన్ సంబంధానికి ఇచ్చి ఉంటారు. "సెలవు దొరికింది అన్నా, ఎన్ని గంటలు పడుద్ది?" అంటాడు. అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మార్చారు గానీ, టికెట్ వెతికేటప్పుడు విమానాశ్రయం పాత కోడ్ ఐఎక్స్‌జెడ్ కొడితే సరి. లేహ్‌ది ఐఎక్స్ఎల్.

దూరానికి స్కూలు అట్లాసు చాలు. లేహ్ అక్షాంశం 34.1, పోర్ట్ బ్లెయిర్‌ది 11.6. తేడా 22.5 డిగ్రీలు, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున దాదాపు 2,500. రేఖాంశాలు 77.5, 92.7, తేడా 15.2. దీన్ని మాత్రం 111తో గుణించకండి. ఉత్తరానికి వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కాబట్టి, ఈ రెండూళ్ల నడిమి అక్షాంశం 23 దగ్గర డిగ్రీకి 102 కిలోమీటర్లే. అంటే 1,550. ఇక పదో తరగతి పైథాగరస్: రెండు వర్గాలూ కూడి వర్గమూలం తీస్తే సుమారు 2,940 కిలోమీటర్లు.

గంటకి 800 చొప్పున వేసి, ఎక్కడానికీ దిగడానికీ ఇంకో అరగంట కలిపితే నాలుగు గంటల పది నిమిషాలు. దూరం లెక్కేసే యాప్‌లు చూపించేదీ ఇంచుమించు ఇదే. కానీ నేరుగా వెళ్లే ఆ విమానమే లేదు!

ఢిల్లీ మీదుగా పోవాలి. లేహ్–ఢిల్లీ 620, ఢిల్లీ–పోర్ట్ బ్లెయిర్ 2,490, మొత్తం 3,110. చుట్టు తిరిగినందుకు పెరిగింది 170 కిలోమీటర్లే. గాల్లో ఉండేది ఐదు గంటల లోపు. అయినా ప్రయాణం తరచు మర్నాటికి పడుతుంది, ఎందుకంటారా? లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తులో ఉంది. ఎండెక్కేకొద్దీ అసలే పలచని గాలి ఇంకా పలచబడి విమానం లేవడం కష్టమవుతుంది, మధ్యాహ్నానికి లోయలో ఈదురుగాలి లేస్తుంది. అందుకే అక్కడ విమానాలు ఎక్కువగా పొద్దుటి పూటే. అటు అండమాన్‌లో పొద్దు లేహ్ కన్నా సగటున గంట ముందే పొడుస్తుంది, గంట ముందే వాలుతుంది; గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే. అక్కడికీ పగటి సర్వీసులే ఎక్కువ. లేహ్ నుంచి మీరు ఢిల్లీలో దిగేసరికి అటు వెళ్లేది లేచిపోయి ఉండొచ్చు.

కాబట్టి ఢిల్లీలో ఒక రాత్రి ముందే లెక్కలో వేసుకోండి. చలికాలమైతే తప్పనిసరి: లేహ్‌లో మంచు, ఢిల్లీలో పొగమంచు. రెండు విమానాలూ ఒకే టికెట్‌లో ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొంటే, మొదటిది రద్దయినా రెండో దాని డబ్బులు చాలావరకు పోవచ్చు.

తిరుగు ప్రయాణంలో సెలవు ఆఖరి రోజుకి టికెట్ పెట్టుకోవద్దు. సముద్రమట్టం నుంచి ఒక్కసారిగా లేహ్‌లో దిగితే తలనొప్పి, ఆయాసం పట్టుకుంటాయి. చేరాక రెండు రోజులు ఒళ్లు అలవకుండా పడుకోవాలి; ఆ రెండు రోజులూ ప్రయాణం కిందే రాసుకోండి.