పీరియడ్స్ నొప్పికి పీజీ రూంలోనే చేసుకోగలిగే ఎక్సర్‌సైజులు, రిలాక్సేషన్

బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీ మూడో ఫ్లోర్ మొత్తం మనవాళ్ళే, ఒంగోలు, నంద్యాల, ఖమ్మం నుంచి వచ్చి ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు. నేను అయిదేళ్ళుగా ఇక్కడే ఉన్నా కాబట్టి అందరికీ అక్కనే. ఎవరికో ఒకరికి డేట్ వచ్చి "అక్కా, మాత్ర ఏమన్నా ఉందా" అని తలుపు కొట్టని వారం ఉండదు. మొన్న కొత్తగా చేరిన ఒకమ్మాయి అయితే గోడవైపు తిరిగి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుంది, పిడికిళ్ళు ఎంత గట్టిగా బిగించిందంటే అరచేతుల్లో గోళ్ళ గుర్తులు పడ్డాయి, భుజాలు చెవుల దాకా వచ్చేశాయి, ఊపిరి కూడా బిగబట్టేసింది. "ముందు ఊపిరి వదులు తల్లీ, మాత్ర సంగతి తర్వాత చూద్దాం" అన్నా. ఇక్కడ రాసేదంతా ఆ అమ్మాయికి చూపించిందే, ఇంటర్ నుంచీ నాకున్న నొప్పి మీద నేను చేసుకుంటూ వచ్చిందే.

అసలు నొప్పి ఎందుకొస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. పీరియడ్స్ మొదలయ్యే టైంలో గర్భసంచి లోపలి పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి, అవి గర్భసంచి కండరాన్ని పిండినట్టు బిగిస్తాయి, ఆ బిగువుకి అక్కడికి రక్తం సరిగ్గా అందదు, అదే మనకి పొత్తికడుపులో మెలిపెట్టినట్టు, నడుం లాగినట్టు, తొడలు గుంజినట్టు తెలుస్తుంది. కొంతమందికి వాంతులు, విరేచనాలు కూడా వీటివల్లే. మామూలుగా మొదటి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. నొప్పికి భయపడి మనం ఒళ్ళంతా బిగబట్టుకుంటే కడుపు, నడుం, తొడల కండరాలు కూడా బిగుసుకుని ఇంకో నొప్పి తోడవుతుంది. గర్భసంచి మన మాట వినదు కానీ ఈ రెండో బిగువుని వదిలించుకోవడం మాత్రం మన చేతిలో పనే.

ముందు నొప్పి ఉన్న రోజు ఏం చెయ్యాలో చెప్తా.

మొదట వేడి. హాట్ వాటర్ బ్యాగ్ లేకపోతే మెడికల్ షాపులో తెచ్చిపెట్టుకోండి, నొప్పి వచ్చాక వెతుక్కునే ఓపిక ఉండదు. పొత్తికడుపు మీద ఒక 20 నిమిషాలు, తర్వాత నడుం కింద 20 నిమిషాలు పెట్టుకోండి. మన అమ్మమ్మలు పెట్టిన కాపడం ఊరికే పెట్టింది కాదండి, పొత్తికడుపు మీద పెట్టుకునే హీట్ ప్యాచ్ ఐబుప్రోఫెన్ మాత్రతో సమానంగా నొప్పి తగ్గించిందని 2001లో ఒక పరిశోధనలో తేలింది. కానీ మరిగే నీళ్ళు పొయ్యకండి. నేను వచ్చిన మొదటి ఏడాది కెటిల్లో సలసలా కాగిన నీళ్ళు నేరుగా పోసి, టవల్ కూడా చుట్టకుండా పెట్టుకుని నిద్రపోయా, లేచేసరికి పొట్ట మీద బొబ్బలు, ఆ మచ్చ పోవడానికి ఎన్ని నెలలు పట్టిందో. బ్యాగ్ మూడింట రెండొంతులే నింపి, గాలి పిండేసి మూత బిగించి, టవల్ చుట్టి వాడండి, పెట్టుకుని మాత్రం నిద్రపోకండి.

బ్యాగ్ పెట్టుకునే ఊపిరి మొదలుపెట్టొచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు పైకి మడిచి, పాదాలు మంచం మీద ఆనించి, ఒక చెయ్యి ఛాతీ మీద ఒక చెయ్యి బొడ్డు కింద పెట్టుకోండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి తీసుకోవాలి, కింది చెయ్యి పైకి లేవాలి, పై చెయ్యి దాదాపు కదలకూడదు. తర్వాత ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా, వేడి టీ ఊదినట్టు నోటితో వదిలెయ్యాలి. వదిలేది ఎక్కువసేపు ఉండటమే ముఖ్యం. నొప్పి అలలా వస్తుంది గమనించండి, ఎక్కుతుంది, కాసేపుంటుంది, దిగుతుంది, అది ఎక్కేటప్పుడే ఊపిరి వదలడం మొదలుపెట్టండి. అయిదు నిమిషాలు చేస్తే చాలు. తల తిరిగినట్టుంటే లెక్క తగ్గించుకోండి, బలవంతంగా వద్దు.

ఇప్పుడు కిందకి దిగండి. మా రూంలో రెండు మంచాల మధ్య సరిగ్గా ఒక యోగా మ్యాట్ పడుతుంది, అంతకంటే ఎక్కువ చోటు అక్కర్లేదు, మ్యాట్ లేకపోతే దుప్పటి మడతేసుకోండి. ముందు మార్జాలాసనం. చేతులు, మోకాళ్ళ మీద ఆవులా నిలబడి, గాలి తీసుకుంటూ పొట్ట కిందకి వదిలి తల కొంచెం పైకెత్తాలి, గాలి వదులుతూ వీపు పైకి గుండ్రంగా చేసి గడ్డం ఛాతీ వైపు తేవాలి. ఎనిమిది పది సార్లు, ఊపిరి ఎంత నెమ్మదిగా ఉంటే కదలిక కూడా అంత నెమ్మదిగా ఉండాలి. మోకాళ్ళు నొప్పెడితే కింద టవల్ వేసుకోండి.

అట్నుంచి అటే బాలాసనంలోకి వెళ్ళిపోవచ్చు. మోకాళ్ళు వెడల్పుగా పెట్టి మడమల మీద కూర్చుని ముందుకి వంగి పడుకోవడమే, కాకపోతే నా మాట విని ఛాతీ కింద నిలువుగా ఒక దిండు పెట్టుకుని, చెంప దాని మీద ఆనించి పడుకోండి. దిండు లేకుండా చేస్తే మెడ, భుజాలు పని చేస్తూనే ఉంటాయి, దిండు ఉంటే బరువంతా దాని మీద పడిపోతుంది. రెండు నిమిషాలు ఉండండి, రూంమేట్ ఉంటే నడుం కింది భాగంలో అరచేతితో మెల్లగా గుండ్రంగా రుద్దమనండి, అది ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. ఆ తర్వాత వెల్లకిలా తిరిగి రెండు మోకాళ్ళూ చేతులతో ఛాతీకి దగ్గరగా పట్టుకుని అటూ ఇటూ ఊగితే నడుం మసాజ్ అయినట్టు ఉంటుంది. ఏదైనా చేసేటప్పుడు నొప్పి పెరిగితే అక్కడే ఆపెయ్యండి.

చివర్లో ఒళ్ళు వదిలెయ్యడం. దీన్ని ప్రోగ్రెసివ్ మజిల్ రిలాక్సేషన్ అంటారు, ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికా డాక్టరు దాదాపు వందేళ్ళ కింద కనిపెట్టింది. లైటు తీసేసి పడుకుని, ముందు రెండు పాదాల వేళ్ళు గట్టిగా ముడిచి అయిదు సెకన్లు పట్టుకోండి, తర్వాత ఒక్కసారిగా వదిలేసి పదిహేను సెకన్లు ఊరుకోండి. అలాగే పిక్కలు, తొడలు, పిరుదులు, చేతులు, భుజాలు, మొహం. పొట్ట దగ్గర మాత్రం బిగించకండి, ఉత్త ఊపిరి తీసుకుని వదిలెయ్యండి. దవడ మర్చిపోవద్దు, నొప్పి ఉన్నప్పుడు అందరం పళ్ళు కొరుకుతాం, తెలియను కూడా తెలియదు. ఆ అమ్మాయికి ఇదే బాగా పనిచేసింది, ఊపిరి దగ్గర్నుంచి ఇక్కడిదాకా అరగంట పట్టిందేమో, భుజాల దాకా వచ్చేసరికే నిద్రపోయింది.

ఇక అసలు విషయం. పైన చెప్పినవన్నీ ఆ రోజు గట్టెక్కడానికి, నొప్పే తగ్గాలంటే మాత్రం పని మిగతా రోజుల్లో చెయ్యాలి. ఎక్సర్‌సైజు, పీరియడ్స్ నొప్పి మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2019లో కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధనల సంస్థ వాళ్ళు ఒక రివ్యూ ఇచ్చారు, వారానికి కనీసం మూడు సార్లు, ఒక్కోసారి 45 నుంచి 60 నిమిషాలు చేసినవాళ్ళకి, వంద పాయింట్ల స్కేలు మీద నొప్పి దాదాపు 25 పాయింట్లు తగ్గింది అని. పరుగెత్తాలనేం లేదు, యోగా, స్ట్రెచింగ్ లాంటి నెమ్మదైనవి చేసినవాళ్ళకి కూడా తేడా కనిపించింది. ఒక్క నెలలో వచ్చేది కాదు, రెండు మూడు నెలలు టైం ఇవ్వండి, నాకైతే మూడో నెలలో తెలిసింది, పొద్దున్నే లేచి ఆఫీసుకి వెళ్ళగలిగా.

సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో గంటన్నర క్యాబ్‌లో కూర్చుని, ఆఫీసులో తొమ్మిది గంటలు కూర్చుని, మళ్ళీ గంటన్నర కూర్చుని వచ్చేవాళ్ళకి ఎక్సర్‌సైజు అంటే ఏడుపొస్తుంది, నాకు తెలుసు. అందుకే జిమ్ ఫీజులు కట్టమనట్లేదు. బీటీఎంలో ఉంటే మడివాళ చెరువు, హెచ్ఎస్ఆర్‌లో ఉంటే అగర చెరువు, అవేవీ దగ్గర్లో లేకపోతే పీజీ టెర్రస్. వారంలో రెండు రోజులు ముప్పావుగంట చురుగ్గా నడక, పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత స్పీడు. ఇంకొక రోజు రూంలోనే ఆసనాలు, పైన చెప్పినవాటికి భుజంగాసనం (బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తేది), సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం పైకెత్తేది) కలుపుకోండి. మా ఫ్లోర్‌లో ముగ్గురు నలుగురు కలిసి అమ్మవాళ్ళతో ఫోన్ మాట్లాడే టైంని నడక టైం చేసేసుకున్నారు, టెర్రస్ మీద రౌండ్లు కొడుతూ "అన్నం తిన్నావా, ఏం కూర" అన్నీ అయిపోతాయి, ముప్పావుగంట ఎలా గడిచిందో కూడా తెలియదు.

పీరియడ్స్ వచ్చిన రోజు కూడా నడవొచ్చు, నడిస్తే బ్లీడింగ్ ఎక్కువైపోతుందేమో అని భయపడక్కర్లేదు. ఓపిక ఉన్నంత, పది నిమిషాలైనా సరే. ఆఫీసులో అయితే గంటకోసారి లేచి వాటర్ బాటిల్ నింపుకు రండి, కుర్చీలో ముందుకి వంగి చేతులు నేలవైపు వదిలేసి పది ఊపిరులు తీసుకోండి. అసలు ఆఫీసుకే వెళ్ళలేని పరిస్థితి ఉంటే సెలవు అడగడానికి సిగ్గుపడొద్దు, కర్ణాటక కేబినెట్ 2025 అక్టోబరులో నెలకి ఒక రోజు, ఏడాదికి 12 రోజులు జీతంతో పీరియడ్స్ సెలవుకి ఒప్పుకుంది, ప్రైవేటు ఉద్యోగాలకి కూడా. మీ కంపెనీలో ఎలా ఇస్తున్నారో హెచ్ఆర్‌ని అడగండి.

మాత్ర వేసుకోవడం తప్పు కాదు, "అలవాటైపోతుంది, పిల్లలు పుట్టరు" అనే మాటలు నమ్మకండి. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి ఆ ప్రోస్టాగ్లాండిన్లు తయారవ్వకుండానే ఆపుతాయి, అందుకే నొప్పి మొదలవుతుండగానే, ఏదైనా తిన్నాక వేసుకుంటే బాగా పనిచేస్తాయి, భరించి భరించి వేసుకుంటే అంత పనిచెయ్యవు. అల్సర్, ఆస్తమా, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు. మెఫెనమిక్ యాసిడ్‌తో అరుదుగా తీవ్రమైన అలర్జీ రావొచ్చని మందుల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో హెచ్చరించింది, వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు, జ్వరం కనిపిస్తే వెంటనే ఆపేసి డాక్టర్ దగ్గరకి వెళ్ళాలి.

ఇంత చేసినా మూడు నెలల్లో ఏ మార్పూ లేకపోతే, లేదా మాత్రకి కూడా లొంగకపోతే, నెలనెలా నొప్పి పెరుగుతుంటే, గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే, వారం దాటి బ్లీడింగ్ అవుతుంటే, డేట్ లేనప్పుడు కూడా పొత్తికడుపు నొప్పి ఉంటే, మూత్రానికో మోషన్‌కో వెళ్ళేటప్పుడు నొప్పెడితే, ఇది ఆసనాలతో పోయేది కాదు, గైనకాలజిస్ట్‌ని కలవాలి. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం), ఫైబ్రాయిడ్స్ (గర్భసంచిలో గడ్డలు), అడినోమయోసిస్ (ఆ పొర గర్భసంచి కండరంలోకి పెరగడం) లాంటివి ఉండొచ్చు. జ్వరంతో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా, ప్రెగ్నెన్సీ అవకాశం ఉండి నొప్పి వచ్చినా ఆ రోజే వెళ్ళండి. స్కాన్ నార్మల్ వచ్చినంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ లేదని కాదు, ఆ మాట డాక్టర్ని గట్టిగా అడగండి. డబ్బుకి ఇబ్బందిగా ఉంటే కేఆర్ మార్కెట్ దగ్గర వాణీ విలాస్ గవర్నమెంట్ హాస్పిటల్ ఆడవాళ్ళదే. ఇంట్లో "పెళ్ళయితే అదే తగ్గిపోతుందిలే" అంటారు, దాని కోసం ఆగొద్దు. వెళ్ళేముందు మూడు నెలల డేట్లు, ఏ రోజు నొప్పి పదికి ఎంత, ఎన్ని మాత్రలు వేసుకున్నారు, ఆఫీసు ఎన్ని రోజులు మానేశారు అన్నీ ఫోన్ నోట్స్‌లో రాసుకుని వెళ్ళి అది డాక్టర్‌కి చూపించండి.