లిథాప్స్‌కి నీళ్లు ఎప్పుడు పోయాలి? బెంగళూరు బాల్కనీలో రాతి మొక్క పెంపకం

ఏటా జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, తెలిసినవాళ్లు ఎవరో ఒకరు లిథాప్స్, అదే గులకరాయిలా కనిపించే చిన్న మొక్క, ఫోటో పంపిస్తారు. "ముడతలు పడిపోతోంది, నీళ్లు పోయనా?" అని. పోయకండి. ఆ నెలల్లో ముడతలు పడటమే ఆ మొక్క చేయాల్సిన పని.

కుండీ సంగతి త్వరగా చెప్పేస్తాను. నాలుగంగుళాల లోతున్న మట్టి కుండీ, అడుగున చిల్లు. ప్లాస్టిక్ వద్దే వద్దు, బెంగళూరు చల్లదనానికి అందులో తడి రోజుల తరబడి ఆరదు. ప్యూమిస్ (తేలికైన నురగరాయి) గానీ సన్న కంకర గానీ మూడు వంతులు, జల్లించిన ఎర్రమట్టి ఒక వంతు. నర్సరీ మొక్క వేళ్లకు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) అంటుకుని ఉంటే మెల్లగా దులిపేసి, నాలుగు రోజులు నీడలో ఆరనిచ్చి నాటండి. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగిలే బాల్కనీ చాలు. వాన జల్లు మాత్రం తగలకూడదు.

ఇక నీళ్లు. మొక్కలు పోయేదంతా ఇక్కడే.

దక్షిణాఫ్రికా, నమీబియాల్లోని ఎండు రాతి నేలలు దీని సొంత ఊరు. 1811లో బర్చెల్ అనే ఇంగ్లిష్ ప్రకృతి పరిశోధకుడు వింత గులకరాయి అనుకుని చేతిలోకి తీసుకున్నాకే అది మొక్క అని గుర్తుపట్టాడు. ఉండేది రెండే ఆకులు, మధ్యలో ఒక చీలిక. ఆకుల్లో ఎక్కువ భాగం నేలలోనే ఉంటుంది. పైన కనిపించే మచ్చల భాగం కిటికీ లాంటిది, వెలుతురు అందులోంచి దిగి లోపలి పచ్చటి పొరకు చేరుతుంది.

మన దగ్గర వానాకాలం చివర్లో పూత అయ్యాక, ఆ చీలికలో కొత్త ఆకుల జత పుడుతుంది. చీలిక కాస్త తెరుచుకున్నాక టార్చి వేసి చూడండి, పాత జతకు అడ్డంగా తిరిగి ఉంటుంది. అది పెరగడానికి కావలసిన నీరంతా పాత ఆకుల నుంచే లాక్కుంటుంది. అందుకే పాతవి ముడుచుకుపోతాయి.

ఒకసారి మా అమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడు, నేను ఆఫీసులో ఉండగా, "పాపం, దాని గొంతెండిపోతోందే" అని చెంబుడు నీళ్లు పోసింది. పాత ఆకులు మళ్లీ నీరు పట్టి బిర్రుగా ఉబ్బాయి. కొత్త జత వాటి మధ్య ఇరుక్కుని నలిగిపోయింది. మూడు వారాలకు వేలితో తాకితే మొదలు మెత్తబడి జారిపోయింది. ఆ కుండీ నాకు ఇప్పటికీ బాధే.

కాబట్టి పాత ఆకులు ఎండిన ఉల్లిపొరలా అయి, గిల్లితే గలగలమనేదాకా ఒక్క చుక్క వద్దు. మా ఇంట్లో అది డిసెంబరులో మొదలై మార్చి చివరిదాకా సాగుతుంది. తేదీని నమ్ముకోకండి, ఆకును చూడండి. తొందరపడి పొరను పీకకండి, దానంతటదే ఊడుతుంది.

ఆ తర్వాత పోసినప్పుడు అడుగు చిల్లులోంచి కారేదాకా పోయాలి. మళ్లీ పోసే ముందు ఆకు పక్కల్ని వేళ్లతో నొక్కి చూడండి, గట్టిగా ఉంటే ఆగండి. రోజూ స్ప్రే బాటిల్‌తో తుంపర కొట్టమనే సలహా అస్సలు వినకండి. వేరు లోతుగా దిగుతుంది, ఆ తుంపర అక్కడికి చేరదు, చీలికలో నిలిచి కుళ్లు తెస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో మొక్క నిద్రలో ఉంటుంది, అప్పుడూ చెయ్యి బిగపట్టాలి. పోసేది సాయంత్రమే పోయండి, ఇది ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకునేది రాత్రి పూటే.

పసుపు పచ్చగానో తెల్లగానో పూసే పువ్వు మధ్యాహ్నం దాటాక విచ్చుకుంటుంది. గింజలు కావాలంటే రెండు వేర్వేరు మొక్కలు ఒకేసారి పూయాలి, మెత్తని కుంచెతో పుప్పొడి అటూ ఇటూ మార్చాలి. కాయ పూర్తిగా ఎండాక కోసి, సాసర్‌లో పెట్టి రెండు చుక్కల నీళ్లు వేయండి. చూస్తుండగానే నక్షత్రంలా విచ్చుకుంటుంది. వాన పడితేనే గింజ బయటికి రావాలని దాని సొంత నేల నేర్పిన అలవాటు అది.