కొత్త లేక్‌లో స్ట్రైపర్ల కోసం బతికున్న ఎర పట్టడం ఎలా?

స్ట్రైపర్ ఒకచోట కాపురం ఉండే చేప కాదు. తల వెనక నుంచి తోక దాకా నల్లటి చారలుండే ఈ స్ట్రైప్డ్ బాస్ గుంపులు గుంపులుగా షాడ్ అనే చిన్న చేపల వెంట తిరుగుతుంది. అందుకే కొత్త లేక్‌కి వెళ్లినప్పుడు ముందు షాడ్ ఎక్కడుందో వెతకండి. "ఎర పట్టడానికే రెండు గంటలు పోయాయి" అని మొదట్లో నేనూ విసుక్కునేవాణ్ణి. ఆ రెండు గంటల్లోనే లేక్ ఏంటో తెలుస్తుందని తర్వాత అర్థమైంది.

ఇక్కడ ఉదాహరణకి లేక్ టెక్సోమా తీసుకుంటున్నాను. డల్లాస్ వైపు ఉండే మనవాళ్లకి ఇది గంట, గంటన్నర దూరం. టెక్సస్, ఓక్లహోమా సరిహద్దులో రెడ్ రివర్ మీద 1944లో పూర్తయిన డెనిసన్ డ్యామ్ వెనక నిలిచిన నీళ్లివి. సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే పులస లాగే స్ట్రైపర్ కూడా నదిలోకి వచ్చి గుడ్లు పెట్టే చేప. నదికి అడ్డంగా డ్యామ్ కట్టి నింపిన లేకుల్లో చాలావాటిలో పిల్లల్ని పెట్టడం దాని వల్ల కాదు, ఏటా తెచ్చి వదలాల్సిందే. టెక్సోమాలో మాత్రం పైనున్న నదుల్లోకి ఎదురెక్కి తన సంతతిని తనే పెంచుకుంటోంది. దాని తిండి షాడ్. అదీ పులసకి దూరపు చుట్టమే. ముళ్లు మాత్రమే పులసవి, రుచి లేదు!

ముందు రోజు రాత్రి: రూల్స్, మ్యాప్

టెక్సోమాకి ప్రత్యేకంగా ఒక లైసెన్స్ ఉంది. అది తీసుకుంటే రెండు రాష్ట్రాల వైపూ పట్టుకోవచ్చు. వల సంగతి వేరు. టెక్సస్‌లో విసురు వల అడ్డుకొలత 14 అడుగులు దాటకూడదు. షాపులో వల మీద రాసేది సగం కొలత, అంటే మధ్య నుంచి అంచు దాకా. "8 అడుగుల వల" అని కొంటే అది విప్పాక 16 అడుగులు, రూల్ దాటినట్టే. 7 అడుగుల దగ్గర ఆగండి. ఓక్లహోమా వైపు రూల్స్ విడిగా చదువుకోండి. రెండూ ఏటా మారొచ్చు కాబట్టి పోయినసారి చదివింది చాలదు.

ఇక ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి మూడు రకాల చోట్లు గుర్తు పెట్టుకోండి: వాగులు వచ్చి కలిసే మూలలు, డ్యామ్ గట్టుకి పేర్చిన రాళ్లు, బోట్లు కట్టేసే మెరీనాలు. తర్వాత గాలి చూడండి. రెండు రోజులుగా దక్షిణం గాలి వీస్తుంటే ఉత్తరపు ఒడ్డు ముందు చూడాలి. గాలి నీటిపైన తేలే సూక్ష్మజీవుల్ని ఒక ఒడ్డుకి నెడుతుంది, వాటిని తినే షాడ్ అక్కడికి చేరుతుంది. బోటు నిలపడం కష్టంగా ఉండే ఒడ్డే చాలాసార్లు మంచి ఒడ్డు.

వల, తొట్టి

మూడు నుంచి ఐదు అంగుళాల షాడ్‌కి 3/8 అంగుళం కన్ను ఉన్న వల సరిపోతుంది. పెద్దవి కావాలంటే, లేదా లోతులో వేయాలంటే అర అంగుళం కన్ను తీసుకోండి. కన్ను పెద్దదైతే వల త్వరగా మునుగుతుంది. సన్న కన్ను వల ఇరవై అడుగుల నీళ్లలో తాపీగా దిగేలోపు షాడ్ పక్కకి జారుకుంటుంది. కానీ చిన్న షాడ్ మీద పెద్ద కన్ను వేశారా, ప్రతిదీ మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది. వాటిని ఒక్కొక్కటిగా పీకి చచ్చినవాటిని లెక్కపెట్టుకోవడంతోనే తెల్లారిపోతుంది. అంచున సీసం, వల సగం కొలతలో అడుగుకి ఒక పౌను చొప్పునైనా ఉండాలి.

నా అభిప్రాయంలో వల కంటే, పట్టిన ఎరని బతికించి ఉంచే తొట్టి మీద డబ్బు పెట్టాలి. మొదటిసారి నేను మామూలు ఐస్ బాక్స్‌లో నీళ్లు పోసి, అక్వేరియం గాలి పంపు పెట్టి తీసుకెళ్లాను. నలభై షాడ్ పట్టాను. గంటలో ముప్ఫై వెల్లకిలా తేలాయి. షాడ్ ఆగకుండా ఈదుతుంది. మూల తగిలితే అక్కడే ఒకదాని మీద ఒకటి పడి ముక్కులు కొట్టుకుని చస్తాయి. తొట్టి గుండ్రంగా ఉండాలి, నీళ్లు మెల్లగా తిరుగుతుండాలి. 30 గ్యాలన్ల తొట్టిలో రెండు డజన్లకి మించి వేయకండి. ఆశ పడితే ఉన్నవీ పోతాయి.

తొట్టిలో లేక్ నీళ్లే పోయండి, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అయొడిన్ లేని కళ్లుప్పు 30 గ్యాలన్లకి ఒక కప్పు వేస్తే రాలిన పొలుసుల వల్ల పడే నీరసం తగ్గుతుంది. వేసవిలో ఐస్ ముక్కలు నేరుగా వేయొద్దు, కుళాయి నీళ్లతో చేసిన ఐస్‌లోనూ క్లోరిన్ ఉంటుంది. సీసాలో నీళ్లు గడ్డకట్టించి మూత తీయకుండా వేయండి.

షాడ్‌ని వెతకడం

సూర్యుడు రాకముందే బోటు దింపే ర్యాంప్ దగ్గర ఉండాలి. బోటు దింపగానే ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఐదు నిమిషాలు ఊరికే చూడండి. వాన లేకపోయినా ఒకచోట నీటి మీద చినుకులు పడ్డట్టు కనిపిస్తే అది షాడ్ గుంపు. ఒడ్డున కొంగ కదలకుండా నిలబడి ఉంటే దాని కాళ్ల దగ్గర తిండి ఉన్నట్టు. ఎగిరే కొంగని నమ్మొద్దు, అదీ మీలాగే వెతుకుతోంది. ఇంకా చీకటిగా ఉంటే మెరీనా లైట్ల కింద చూడండి, వెలుగుకి చేరిన సూక్ష్మజీవుల కోసం షాడ్ అక్కడ తిరుగుతుంటుంది. కట్టేసి ఉన్న బోట్ల మధ్య వల విసిరేముందు మెరీనా వాళ్లని అడగాలి, చాలాచోట్ల ఒప్పుకోరు.

వసంతంలో నీళ్లు వెచ్చబడే రోజుల్లో పని సులువు. తెల్లవారుజామున డ్యామ్ రాళ్ల వెంట షాడ్ గుడ్లు పెట్టడానికి వస్తుంది, రాళ్లకి రాసుకుంటూ వెండి మెరుపులు కనిపిస్తాయి. ఎండ ఎక్కగానే అంతా మాయం. నడివేసవిలో లోతుకి పోతుంది, అప్పుడు నీళ్ల కింద ఏముందో చూపించే సోనార్ తెర మీద మబ్బులా కనిపించే మచ్చల కోసం చూడాలి. శరదృతువులో వాగుల చివరికంటా ఎక్కుతుంది. చలికాలం కొత్తవాళ్లకి కాదు.

దొరికింది ఏ షాడో చూసుకోండి. తోక పసుపుగా, నోరు ముఖానికి సరిగ్గా ముందుంటే థ్రెడ్‌ఫిన్. సున్నితం, చన్నీళ్లకి తట్టుకోలేదు, మామూలుగా ఐదారు అంగుళాలకి మించి పెరగదు. ముక్కు మొద్దుగా ముందుకొచ్చి నోరు కిందకి ఉంటే గిజార్డ్ షాడ్. కోడి కందనకాయ లాంటి పొట్ట ఉంటుంది కాబట్టే ఆ పేరు. బురద నీళ్లలో, వాగు మూలల్లో దొరుకుతుంది, గట్టి పిండం. పెద్ద స్ట్రైపర్ కావాలంటే నేను దీన్నే ఏరుకుంటాను.

వల విసరడం

మాటల్లో చదివితే వచ్చే విద్య కాదిది. ఇంటి ముందు గడ్డి మీద యాభైసార్లు విసిరాకే లేక్‌కి వెళ్లండి. తాడు చివరి ఉచ్చు మణికట్టుకి, తాడు చుట్టలు అదే చేతిలో, వల పైసగం కూడా మడిచి అదే చేతిలోకి. కింది అంచులో సగం రెండో చేతికి తీసుకుని నడుము తిప్పుతూ వదలాలి. గోదావరి గట్టున చేపలవాళ్లు అంచుని పళ్లతో పట్టడం చూసే ఉంటారు. మీరూ పళ్లతో పట్టాలంటే తాడునే పట్టండి, సీసం గుండ్లని నోట పెట్టకండి. చేతి గడియారం, చొక్కా గుండీలు వలకి శత్రువులు.

గుంపు మీదకి కాకుండా అది వెళ్తున్న దిక్కున, కాస్త ముందుకి విసరాలి. మునిగిన చెట్లు ఉన్నాయేమో సోనార్‌లో చూశాకే వేయండి. కొత్త లేక్‌లో మొదటి వల చెట్టుకి అర్పించినవాళ్లు నాతో సహా చాలామంది. సీసం అడుగుకి తగలగానే ఒక్క గుంజు గుంజి, తర్వాత ఆపకుండా లాగండి. రెండుసార్లు ఖాళీగా వస్తే మూడోది వేయకుండా చోటు మార్చండి.

వలని నీళ్లున్న టబ్‌లో విప్పి, బాగున్నవాటిని చిన్న జాలి గరిటెతో తొట్టిలోకి మార్చండి. పొడి చేత్తో ముట్టుకుంటే పొలుసులు రాలిపోతాయి. వలలో పడ్డ చిన్న బాస్, క్రాపీ లాంటివి వెంటనే నీళ్లలోకి వదిలేయాలి, వాటిని ఎరగా వాడకూడదు. పావుగంటయ్యాక తొట్టిలో నురగ, పొలుసులు కనిపిస్తే సగం నీళ్లు మార్చండి. ముక్కు ఎర్రబడిన షాడ్‌ని ముందు వాడేయండి, అది ఎక్కువసేపు ఉండదు. గాలం ముక్కు రంధ్రాల్లోంచి గుచ్చితే మామూలుగా ఈదుతుంది. ఈత మందగించగానే మార్చేయండి.

తిరిగి వచ్చేటప్పుడు

2009లో టెక్సోమాలో జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు దొరికాయి, టెక్సస్‌లో వాటి జాడ దొరకడం అదే మొదలు. వాటి పిల్లలు కంటికి కనిపించవు, బకెట్ నీళ్లలో ప్రయాణం చేసి ఇంకో లేక్‌ని పాడు చేస్తాయి. అందుకని ర్యాంప్ వదిలేముందు తొట్టి, బోటు అడుగున నీళ్లు మొత్తం వంపేయాలి, ఇది చట్టం. మిగిలిన షాడ్‌ని వేరే లేక్‌కి తీసుకెళ్లకండి, టెక్సస్‌లో మీరు పట్టిన బతికున్న ఎర పట్టిన నీళ్లలోనే వాడాలి. వలని మంచినీళ్లలో కడిగి, బకెట్ నీళ్లలో మూతెడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేసి కాసేపు నానబెట్టి, మళ్లీ కడిగి నీడలో ఆరేయండి. ఎండలో ఆరేస్తే నైలాన్ పెళుసైపోతుంది.