దివ్యాంగుల పెన్షన్ రాలేదా? అప్పీల్‌కు ముందు నోటీసులో కారణం చదవండి

పెన్షన్ ఆగిందనగానే చాలామంది తెల్లకాగితం మీద "కడు పేదవాడిని, దయచేసి ఇప్పించగలరు" అని రాయించుకుని ఆఫీసుకు పరుగెత్తుతారు. నోటీసులో ఉన్న కారణం మాత్రం చదవరు. వైకల్య శాతం తక్కువని ఆపితే పేదరికం గురించి ఎంత రాసినా ఆ అర్జీ కదలదు. ముందు ఆ లైను చదివించుకోండి. నోటీసు పోగొట్టుకుంటే మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను అడగండి.

నేను చెప్పేది ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000 వచ్చే ఎన్టీఆర్ భరోసా పెన్షన్ గురించి. తెలంగాణలో డబ్బు వేరు, పద్ధతి వేరు, కానీ కింద చెప్పే శాతాల లెక్క అక్కడా పనికొస్తుంది.

సమస్య: "వైకల్యం 40 శాతం కంటే తక్కువ"

గ్రామాల్లో ఎంపీడీవోకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు అప్పీల్ పెట్టాలి. మళ్లీ ఏ రోజు, ఏ ఆసుపత్రికి వెళ్లాలో నోటీసు వస్తుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ రోజు పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు లేకుండా ఉత్త చేతులతో వెళ్లేవాళ్లే ఎక్కువ. అది చేయకండి.

అసలు దెబ్బ కొట్టేది ఇంకొకటుంది. చిన్నప్పుడు పోలియో వచ్చిన ఒకాయనకు కాలికి 30 శాతం వేశారు. తక్కువ వేశారనే అనుకుని, కాలి గురించే నేను అప్పీల్ రాసిచ్చాను. మళ్లీ 30 వచ్చింది. నెలలు పోయాయి. ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్లు తెచ్చి వెనక నుంచి పిలిచాను, తిరగలేదు. రెండోసారి గట్టిగా పిలిచినా తిరగలేదు. ముందుకొచ్చి గ్లాసు చూపిస్తేనే అందుకున్నాడు. అడిగితే "మగ్గం చప్పుడులో పెరిగిన చెవులు, అంతే" అన్నాడు. చెవుల సంగతి డాక్టరుకు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. స్లాట్, అంటే ఆసుపత్రిలో పరీక్షకు ఇచ్చే తేదీ, కాలికని బుక్ అయింది కాబట్టి కాలే చూశారు.

రెండు రకాల వైకల్యాలుంటే రెండూ కలిపి లెక్కిస్తారు. మామూలు కూడిక కాదు. పెద్ద శాతాన్ని 90 నుంచి తీసేయాలి, వచ్చినదాన్ని చిన్న శాతంతో గుణించి 90తో భాగించాలి, దాన్ని పెద్ద శాతానికి కలపాలి. కాలికి 30, చెవికి 20 అనుకోండి. 90లోంచి 30 తీస్తే 60. 60ని 20తో గుణిస్తే 1,200. దాన్ని 90తో భాగిస్తే 13.3. మొత్తం 43 దాటింది. ఒక్క కాలితో పోయిన పెన్షన్ చెవిని కలిపితే నిలబడుతుంది. అలాగని ఆశ పెంచుకోకండి: 25, 15 ఉంటే కూడితే 40 కనిపిస్తుంది గానీ, ఈ లెక్కలో 36 లోపే వస్తుంది.

కాబట్టి అప్పీల్‌లో ఈ మాట స్పష్టంగా రాయండి: "నాకు కాలి వైకల్యంతో పాటు వినికిడి లోపం కూడా ఉంది. రెండూ పరీక్షించి, కలిపి శాతం నిర్ణయించగలరు." రెండు చెవులకూ తీసిన ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష కాగితం) జత చేయండి. చూపు విషయంలో ఒక జాగ్రత్త: కళ్లజోడు పెట్టుకున్నాక ఎంత కనిపిస్తుందో దాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్లను మీరే అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. వయసు మీద పడింది కదా అని ఊరుకుంటారు.

సర్టిఫికెట్ మీదే అభ్యంతరమైతే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ ప్రకారం అప్పీల్ చేసుకునే హక్కు మీకుంది. ఎవరైనా "ఇంక ఏమీ చేయలేం" అంటే ఆ సెక్షన్ పేరు చెప్పండి.

సమస్య: శాతం సరిపోయింది, అయినా తిరస్కరించారు

సర్టిఫికెట్‌లో "తాత్కాలికం" అని ఉందేమో, గడువు తేదీ దాటిందేమో చూడండి. గడువు దాటితే అప్పీల్‌తో పని లేదు, కొత్త స్లాట్ బుక్ చేసుకోవాలి.

సమస్య: కరెంటు, భూమి, కారు అని వచ్చింది

ఇది ఆసుపత్రి పని కాదు. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటిందంటే, ముందు ఆ మీటరు మీదేనా అని చూడండి. వేరే ఇంటి మీటరుకో, అన్నదమ్ముల మీటరుకో మీ ఆధార్ తగులుకుని ఉంటుంది. కరెంటు ఆఫీసులో సర్వీసు నంబరు చూపించి ఆధార్ విడదీయించుకుని, ఆ కాగితంతో సచివాలయంలో అర్జీ పెట్టండి. భూమి మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాల లోపు ఉండాలి. ఆటో, ట్యాక్సీ, ట్రాక్టర్ ఉన్నా ఇబ్బంది లేదు. అమ్మేసిన కారు ఇంకా మీ పేరు మీదే ఉంటే రవాణా ఆఫీసులో పేరు మార్పించుకోవాలి.

పేరులో అక్షరం తేడా, ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు లాంటివీ ఉంటాయి. ఆధార్ సెంటర్‌లో సరిచేయించుకుంటే సరిపోతుంది.

ఏ అర్జీ ఇచ్చినా రసీదు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ రసీదు నంబరు చూపించే అడగాలి.